తడి బండి

అన్న పెద్దాయన కాబట్టి తమ్ముడు చిన్నాయన అయ్యాడు. ఆ పిలుపులో అంతకు మించి గౌరవమేమీ లేదు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ అన్నయ్యది. అద్దాల గదిలో కూర్చునేదీ అన్నే. చిన్నాయన ఓనరు కాడు, పనివాడూ కాడు. పనివాడైతే మానేసి పోవచ్చు, ఓనరైతే అమ్మేసి పోవచ్చు. తమ్ముడన్నవాడు ఏం చేసి పోవాలో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఎనిమిదో తరగతి అయ్యాక వేసవిలో వచ్చాడు ఇక్కడికి. "రెండు నెలలు చూసుకోరా, ఎలాగూ సెలవులేగా" అన్నాడు అన్న. అంతే, ఆ సెలవులు ఇంకా అవలేదు. నెత్తి మీద జుట్టు పోయింది, నడుం పట్టేసింది, పెళ్లయింది, పుట్టిన కూతురు కాలేజీ చదువు చివరికొచ్చింది. సెలవులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

పోనీ అన్న రాక్షసుడా అంటే అదీ కాదు. తిట్టడు, అరవడు. భుజమ్మీద చెయ్యేస్తాడు. "నువ్వు లేకపోతే నా చేతులు విరిగినట్టేరా" అంటాడు. తిట్టేవాడి దగ్గర్నుంచి లేచిపోవడం సులువు. భుజమ్మీద చెయ్యేసేవాడి దగ్గర్నుంచి ఎలా లేవాలో చిన్నాయనకు చేతకాలేదు.

ఈ ఆదివారం మాత్రం లేవక తప్పదు. ఇదివరకు ఇక్కడే బాయిలర్ చూసుకున్న మనిషి, అందరూ బాయిలర్ అనే పిలిచేవాళ్లు, వేరే ఊళ్లో మెషీన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. రమ్మని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఈసారి ఫోన్‌లో తెగేసి చెప్పాడు.

"ఆదివారం సాయంత్రం వ్యాను వేసుకుని మీ ఊరొస్తున్నా బావా. పక్క సీటు ఖాళీ. ఎక్కావా, నా పార్టనర్‌వి. ఎక్కలేదా, సోమవారం ఇంకొకణ్ణి పెట్టుకుంటా. నీ కోసం చూసీ చూసీ నా మీసం నెరిసింది."

"వస్తానన్నాగా."

"ఆ మాట నా మీసం నల్లగా ఉన్నప్పట్నుంచీ అంటున్నావు."

ఇంట్లో భార్య కూడా సరేనంది. పిల్ల పరీక్షలయ్యాక తామూ వస్తామంది, చదువు పాడవుతుందని పిల్లకు మాత్రం ఇంకా చెప్పలేదు. "సామాను సర్దడం నాకు ఒక పూట పని. మీరు ఆయన ముందు నోరు తెరవండి చాలు. దానికే యుగాలు పట్టేలా ఉంది" అని కూడా అంది. ఉన్న చిక్కల్లా అదే. చెప్పకుండా పోతే పారిపోయినట్టు. చెప్పి పోవాలి. చెప్పాలంటే నోరు పెగలదు.

ఆ ఆదివారమే కూతురి ఉపన్యాసం కూడా. పిల్ల చదివేది ఫిజిక్సు. ఊరి లైబ్రరీ హాల్లో మామూలు జనానికి సైన్సు చెప్పే కార్యక్రమం పెట్టారు. వస్తువులకు బరువు అసలు ఎక్కణ్ణుంచి వస్తుంది అన్నది ఈమెకిచ్చిన విషయం. "ముందు మీ ఇంట్లో చదువుకోనివాళ్లకి చెప్పి చూడండి, అర్థం కాకపోతే తప్పు మీది" అన్నాడట వాళ్ల సారు. చదువుకోనివాణ్ణి వెతుక్కోవడానికి ఆమె పెద్దగా కష్టపడలేదు.

వారమంతా మధ్యాహ్నాలు లాండ్రీకి వచ్చి, బోర్లించిన బుట్ట మీద కూర్చుని, తండ్రి పనిచేసుకుంటుంటే చెప్పేది. పనివాళ్లు ఆమెకు లెక్చరమ్మ అని పేరు పెట్టేశారు.

"నాన్నా, అన్నిటికన్నా చిన్న కణాలున్నాయి. ఎలక్ట్రాన్ లాంటివి. వాటిని ఇంకా ముక్కలు చెయ్యలేం. వాటికి వాటంతట వాటికి బరువు లేదు."

"మరెక్కణ్ణుంచి వచ్చింది?"

"లోకమంతా ఒకటి పరుచుకుని ఉంది. హిగ్స్ ఫీల్డ్ అంటారు. కంటికి కనపడదు. ఖాళీ అనుకునే చోట కూడా ఉంటుంది. కణం దాంట్లోంచి పోవాలి. కొన్నిటిని అది గట్టిగా పట్టుకుంటుంది, అవి బరువైనవి. కొన్నిటిని కొంచెమే పట్టుకుంటుంది, అవి తేలిక. వెలుగునైతే అసలు పట్టుకోదు. అందుకే వెలుగుకి బరువు లేదు, అంత జోరుగా పోతుంది."

"తేనెలో చీమ నడిచినట్టన్నమాట" అన్నాడు చిన్నాయన. తనకు అర్థమైనందుకు మొహం వెలిగింది.

"అందరూ అదే చెప్తారు. అదే తప్పు." పిల్ల బుట్ట మీంచి లేచింది. "తేనెలో చీమ నడిచేకొద్దీ నీరసపడి ఆగిపోతుంది. ఇది అలా కాదు. కదిలే కణాన్ని ఇది ఆపదు. కదలకుండా ఉన్నదాన్ని కదపడం కష్టం చేస్తుంది. కదిలేదాన్ని ఆపడం కూడా అంతే కష్టం చేస్తుంది. మాస్ అంటే అదీ."

అని చుట్టూ చూసి, ఉతికిన బట్టలు మోసే నాలుగు చక్రాల బండి ఒకటి ఖాళీగా ఉంటే వేలితో తోసింది. అది గలగలా పోయి గోడ దగ్గర ఆగింది. తర్వాత, మెషీన్లోంచి అప్పుడే తీసిన తడి దుప్పట్లతో నిండిన బండికి భుజం ఆనించింది. కదల్లేదు. కాళ్లు తన్నిపెట్టి తోస్తే మెల్లగా కదిలింది. కదిలాక ఇక దాని దారి దానిది. గచ్చు వాలుగా ఉన్న చోటికి చేరేసరికి పిల్ల కంగారుపడి ముందుకు ఉరికింది.

"ఎదురెళ్లకు!" చిన్నాయన కేక పెట్టాడు. రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. బండి దడాలున గోడకు కొట్టుకుని నిలబడింది.

అక్కడ అందరికీ మొదటి రోజే చెప్పే పాఠం అది. తడి బండి జారితే పోనివ్వాలి. గోడకు దెబ్బ తగిలితే గోడదేం పోయింది. ఎదురు నిలబడి ఆపాలని చూస్తే మనిషి పోతాడు. ఈ పాఠం పెట్టింది చిన్నాయనే. కొత్తలో ఒకసారి ఎదురు నిలబడ్డాడు. ఎడమ చేతి చూపుడు వేలు అప్పట్నుంచి పక్కకు చూస్తూ ఉంటుంది.

"చూశావా నాన్నా, ఇదే నేను చెప్పేది" అంది పిల్ల, రొప్పుతూ, నవ్వుతూ.

"నువ్వు చెప్పేదానికి నా ప్రాణం పోయేది. సరే, ఒక్కటి చెప్పు. ఒకదాన్ని గట్టిగా పట్టుకుని ఒకదాన్ని వదిలేస్తుందన్నావు. ఎందుకలా? ఆ పట్టు ఎవరికెంతో ఎవరు రాశారు?"

"తెలీదు."

"నీకు తెలీదా?"

"ఎవరికీ తెలీదు నాన్నా. ఎంతో కొలిచారు. ఎందుకో తెలీదు."

"ఆ ఫీల్డ్ లేని చోటుకి పోతే?"

"లేని చోటు లేదు."

చిన్నాయన తడి దుప్పటి ఒకటి అందుకుని రెండు చివరలూ పట్టి విదిలించాడు. ఇంత చదువూ చదివి చివరికి తనకు తెలిసిందే చెబుతోంది పిల్ల అనిపించింది.

"ఇంకోటి చెప్పనా?" అంది ఆమె. "నీ ఒంటి బరువులో చాలాభాగం ఈ ఫీల్డ్ వల్ల రాలేదు తెలుసా. లోపల మహా చిన్న కణాలు మూడేసి చొప్పున ఒక ఇరుకు గదిలో ఇరుక్కుపోయి ఉంటాయి. బయటికి రాలేవు. లోపలే పిచ్చి పట్టినట్టు అటూ ఇటూ కొట్టుకుంటుంటాయి. ఆ పెనుగులాటే బయటికి బరువులా కనిపిస్తుంది."

"అది మీ ఫిజిక్సు కాదే. అది మనిల్లు."

ఇస్త్రీ మెషీన్ దగ్గర నిలబడి వింటున్న ఇస్త్రీ అక్క పకపకా నవ్వింది. "లెక్చరమ్మా, మీ నాన్న పాసయ్యాడు, సర్టిఫికెట్ ఇచ్చెయ్!"

ఆదివారం వచ్చింది. ఆసుపత్రులకు ఆదివారం ఉండదు కాబట్టి లాండ్రీకీ లేదు. మధ్యాహ్నం పని తగ్గాక చిన్నాయన చేతులు కడుక్కుని, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుని, ఆరబెట్టే గదిలోంచి బయటికొచ్చాడు. అవతలి చివర అద్దాల గదిలో అన్న కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని కూర్చుని ఉన్నాడు. మధ్యలో ఉన్నదల్లా మెషీన్ల వరస. 'అన్నయ్యా, నేను మానేస్తున్నా. బాయిలర్‌తో పోతున్నా.' చెప్పాల్సింది ఇంతే. దారిలో ఒలికిపోతుందేమో అన్నట్టు ఆ మాటని నోట్లో పట్టుకుని బయల్దేరాడు.

"చిన్నాయనా, ఇటొకసారి!" మొదటి మెషీన్ దగ్గర నురగమామ. సబ్బు పోయడం ఆయన పని, మోచేతుల దాకా ఎప్పుడూ నురగే. "బెల్టు కీచుమంటోంది. చెవి పెట్టి చూడు."

చెవి పెట్టాడు. బెల్టు బిగించాడు. కదిలాడు.

"ఒరే తమ్ముడూ, ఈ ఇస్త్రీ చూడరా, అంచులు మాడుస్తోంది" అంది ఇస్త్రీ అక్క. వేడి తగ్గించాడు. "తగ్గించావా, మళ్లీ ఎక్కువ తగ్గించావేమో చూడు." చూశాడు.

దుప్పట్లు తీసుకెళ్లడానికొచ్చిన ఆసుపత్రి మనిషి మరక పోని దుప్పటొకటి మొహం ముందు పరిచాడు. "దీన్ని ఉతికారంటారా?" సంజాయిషీ చెప్పుకున్నాడు. ఇంతలో జేబులో ఫోను. వదిన. "మరిదిగారూ, ఇంట్లో కుళాయి వదిలేస్తే ఆగట్లేదు. మీ అన్నయ్యకి చెప్తే మీకు చెప్పమన్నారు." ఏ మర ఎటు తిప్పాలో చెప్పాడు. ఫోను పెట్టేసేసరికి మళ్లీ నురగమామ. "ఆ బెల్టే, చిన్నాయనా. ఈసారి వేరే రాగం తీస్తోంది."

తల ప్రాణం తోకకొచ్చింది. నోట్లో పట్టుకొచ్చిన మాట ఎక్కడ జారిపోయిందో తెలీదు. వెతుక్కుందామని తల ఎత్తేసరికి అన్న అద్దాల గదికి తాళం వేసి ఎదురొస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, మొహంలో పండగ.

"పదరా, టైమవుతోంది. మన పిల్ల స్టేజి ఎక్కుతుంటే మనం ముందు వరసలో లేకపోతే ఎట్లా?"

"అన్నయ్యా, ఒక మాట…"

"దారిలో చెబుదువు పద" అని భుజమ్మీద చెయ్యేశాడు.

తలుపు దగ్గర కూతురు నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో. కళ్లు మెరిసిపోతున్నాయి. "దొరికింది నాన్నా! వారం నుంచి వెతుకుతున్న ఉదాహరణ దొరికింది!" ఏం దొరికిందో చెప్పలేదు. దారి పొడుగునా అన్న తన మోకాళ్ల నొప్పుల గురించి చెబుతూనే ఉన్నాడు. మోకాళ్ల మధ్యలో మాట దూర్చడానికి చిన్నాయనకు సందు దొరకలేదు.

హాలు నిండింది. లాండ్రీ జనం అందరూ వచ్చారు, ఇస్త్రీ అక్క పూల చీర కట్టుకుని, నురగమామ మొదటిసారి పొడి చేతులతో. పిల్ల ఫీల్డ్ గురించి చెప్పింది, తేనె ఎందుకు తప్పో చెప్పింది. ఆ తర్వాత మైకు దగ్గరికి జరిగి నవ్వింది.

"మా లాండ్రీలో మా నాన్న ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లాలంటే ఏమవుతుందో చెప్తాను. మీరెవరైనా వస్తే టకటకా నడిచి వెళ్లిపోతారు. మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. మీరు వెలుగు కణం. మా నాన్న అడుగు వేస్తే బెల్టు పిలుస్తుంది, ఇస్త్రీ పిలుస్తుంది, ఫోను పిలుస్తుంది. మా నాన్న బక్కగా ఉంటాడు. అయినా ఆ గదిలో అందరికన్నా బరువైన మనిషి ఆయనే. బరువు ఆయనలో లేదు, పట్టుకునే చేతుల్లో ఉంది. ఆయన్ని కదపడం కష్టం. కదిలితే ఆపడం కూడా అంతే కష్టం. కాకపోతే ఆయన కదలగా నేనెప్పుడూ చూళ్లేదు."

హాలంతా నవ్వు. వెనకనుంచి నురగమామ ఈల వేశాడు. అన్న చిన్నాయన మోకాలి మీద తట్టాడు. చిన్నాయన కూడా నవ్వాడు. అంతమంది నవ్వుతుంటే నవ్వకపోతే బాగోదు. కిటికీలోంచి ఎదురు సందులో బాయిలర్ వ్యాను కనిపిస్తోంది. హెడ్‌లైట్లు ఒకసారి వెలిగి ఆరాయి.

"ఎవరికైనా డౌట్లుంటే అడగండి."

ఎలా లేచాడో, మైకు ఎలా చేతికొచ్చిందో అతనికే తెలీదు.

"అమ్మా, నాదో డౌటు."

"అడగండి సార్" అంది కూతురు. మళ్లీ నవ్వులు.

"ఆ పట్టు లేని రోజంటూ ఎప్పుడైనా ఉందా?"

"ఉంది. లోకం పుట్టిన కొత్తలో అంతా భయంకరమైన వేడిగా ఉండేది. అప్పుడు ఫీల్డ్ ఎవర్నీ పట్టుకునేది కాదు. ఈ చిన్న కణాలన్నీ వెలుగులాగే బరువు లేకుండా పరిగెత్తేవి. చల్లబడ్డాక పట్టుకుంది. ఇక వదల్లేదు."

"అయితే చిన్నప్పుడు బాగానే ఉన్నామన్నమాట."

నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు. ఇక్కడ మెషీన్లు లేవు, పిలిచేవాళ్లు లేరు. తనకూ అన్నకూ మధ్య ఉన్నది ఒక్క మైకు. పక్కకు తిరిగాడు.

"అన్నయ్యా, రేపట్నుంచి నేను లాండ్రీకి రాను. మానేస్తున్నా. వేరే ఊరు పోతున్నా."

చప్పట్లు. హాలు దద్దరిల్లే చప్పట్లు. బరువైన మనిషి కదలడానికి చూస్తున్నాడు, తండ్రీ కూతుళ్లు ముందే మాట్లాడుకుని నాటకమాడారు అనుకున్నారు అందరూ. అందరికన్నా గట్టిగా కొట్టింది అన్న. పక్కవాడితో చెబుతున్నాడు కూడా, "మా తమ్ముడే. వీడు ఇంత జోకులేస్తాడని నాకే తెలీదు!"

చిన్నాయన కూర్చున్నాడు. యాభై ఏళ్ల మనిషి కష్టపడి కక్కిన ఒకే ఒక్క నిజాన్ని చప్పట్లు కొట్టి తిరిగి నోట్లోకి తోసేశారు. నవ్వనిది ఒక్క కూతురే. స్టేజి మీద మైకు పట్టుకుని అతని వంకే చూస్తోంది.

కార్యక్రమం అయ్యాక మెట్ల మీద జనం మూగారు. "భలే చెప్పావు చిన్నాయనా!" "ఒరే తమ్ముడూ, నువ్వు నాటకాల్లోకి పోవాల్సింది!" "ఆ బెల్టు సంగతి రేప్పొద్దున్నే చూడాలి సుమా." ఒకరు చొక్కా పట్టుకుంటే ఒకరు చెయ్యి. అవతల వ్యాను హారన్ మోగింది.

కూతురు జనాన్ని తోసుకుంటూ వచ్చింది. గొంతు తగ్గించి, "నిజంగానే అన్నావు కదూ?" అంది.

చిన్నాయన తలూపాడు.

"ఆ వ్యానా?"

మళ్లీ తలూపాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. గిరుక్కున తిరిగి గొంతెత్తింది. "మామా, ఏం అర్థమైందో చెప్పు చూద్దాం! అక్కా, పారిపోకు, నీకూ పరీక్షే! అందరూ ఇటు రండి, ఫొటో!" చొక్కా పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే ఊడి ఆమె వైపు తిరిగాయి. చిన్నాయన చుట్టూ ఖాళీ అయింది.

మెట్లు దిగాడు. ఎవరూ పిలవలేదు. రోడ్డు దాటాడు. ఎవరూ పిలవలేదు. కాళ్లు తనవేనా అన్నంత తేలిగ్గా ఉన్నాయి. వ్యాను తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కు బావా. ఎక్కి మాట్లాడు" అన్నాడు బాయిలర్. నిజంగానే మీసం నెరిసింది.

ఒక్కసారి చూసి ఎక్కుదామని వెనక్కి తిరిగాడు. మెట్ల మీద పిల్ల పెద్దనాన్నతో మాట్లాడుతోంది. సందు చిన్నది, మాటలు వినిపిస్తున్నాయి.

"నాన్న జోక్ చెయ్యలేదు పెద్దనాన్నా. నిజంగానే వెళ్తున్నాడు."

అన్న మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. రోడ్డవతలికి చూశాడు. పిలవలేదు. ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు. కాసేపటికి అలవాటైన చెయ్యి లేచింది, పక్కన ఏ భుజం ఉందో చూసుకోకుండానే. పిల్ల భుజమ్మీద పడింది.

"పోనీలే. నువ్వున్నావుగా తల్లీ. పరీక్షలయ్యాక రెండు నెలలు చూసుకో. ఎలాగూ సెలవులేగా."

చిన్నాయన చేతిలోంచి తలుపు ఎప్పుడు జారిందో అతనికి గుర్తు లేదు. రోడ్డు మధ్యలో స్కూటరు మనిషి తిట్టాడు. వెనకనుంచి "బావా! బావా!" అని కేక వినిపించింది. ఇన్నేళ్లు కదలని మనిషి కదిలాడు, ఇప్పుడు ఎదురొచ్చినవాడి ఖర్మ. మెట్లెక్కి ఇద్దరి మధ్యలోకి దూరాడు.

"దాన్నొదిలెయ్ అన్నయ్యా! నేనున్నాగా. నేనే వస్తా."

ఆ మాట అతని నోట్లోంచి వస్తుండగానే పక్కన పిల్ల మాట కూడా వచ్చింది. మంచినీళ్లు అడిగినంత మామూలుగా అంది.

"లేదు పెద్దనాన్నా, నాకు కుదరదు. పై చదువుకి వెళ్తున్నా."

అంతే. "సరేలే తల్లీ" అన్నాడు అన్న. ఆమె భుజమ్మీద చెయ్యి తీసేశాడు. గొడవ లేదు, కన్నీళ్లు లేవు, ఆకాశం విరిగి పడలేదు. తీసిన చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగి, పాత చోటు వెతుక్కుని, తమ్ముడి భుజమ్మీద దిగింది.

"నువ్వుంటే ఇంకేం కావాలిరా నాకు. భయపెట్టేశావు."

పిల్ల తండ్రి వంక చూసింది. కోపమో, ఏడుపో. "ఎందుకొచ్చావు నాన్నా? నేను చెప్పుకోలేననుకున్నావా?"

అనుకున్నాడు. తన కూతురు కదా, తనలాగే ఉంటుందనుకున్నాడు. ఆ చెయ్యి ఆమె మీద నిలవదని అతనికేం తెలుసు? ఎవరికెంత పట్టో ఎవరు రాశారని అడిగితే పిల్లే తెలీదంది.

హారన్ ఇంకోసారి మోగింది. బాయిలర్ కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాడు. చిన్నాయన చెయ్యెత్తుదామనుకున్నాడు, ఎడమ చెయ్యి ఇస్త్రీ అక్క పట్టుకుని ఉంది, కుడి భుజమ్మీద అన్న బరువంతా ఉంది. వ్యాను కదిలింది. తలుపు సరిగ్గా పడనట్టుంది, సందు చివరిదాకా టపటపా కొట్టుకుంటూ పోయింది.

"రేపు ఆ ఆవిరి పైపు సంగతి చూడాల్రా" అంటున్నాడు అన్న, మెట్లు దిగడానికి తమ్ముణ్ణి ఊతం చేసుకుంటూ. "నావల్ల కావట్లేదు. ఈ మోకాళ్లు…"

"కుదరదు" అన్నాడు చిన్నాయన.

పైకి అనలేదు. పెదాలతో అన్నాడు, ఎలా ఉంటుందో చూద్దామని. చిన్న మాటే. నోట్లో నొప్పేమీ పెట్టలేదు.

"ఏంట్రా?"

"ఏం లేదన్నయ్యా. కింద మెట్టు చూసుకో. పొద్దున్నే వస్తా."